మట్టల ఆదివారానికి ముందు జక్కయ్య ఇల్లుంది



శ్రమదినాలు మొదలయ్యాయి. ఈ సంవత్సరం ఫిబ్రవరి 18న భస్మ బుధవారం, ఏప్రిల్ 5న ఈస్టర్. ఆ బుధవారం నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. "అయ్యగారూ, ఈ నలభై దినాలు గుడ్డు తినొచ్చా?" "చేపలు కూడా మాంసం కిందికే వస్తయా?" "ఆదివారం లెక్కల వస్తదా రాదా?" "బీపీ గోలీ వేసుకుంటే ఉపవాసం పోతదా?" గోలీ మాత్రం మానకండి. గోలీ వేసుకుంటే ఉపవాసం పోదు, మానితే మనిషే పోతాడు. ఇక ఆదివారాల సంగతి: బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 దినాలు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు పస్తు ఉండే ఆచారం సంఘంలో లేదు.

అన్నిటికీ ఓపికగానే జవాబు చెప్పాను. కానీ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "అయ్యగారూ, నేను ఫలానా మనిషికి డబ్బులియ్యాలె, ఆ బాకీ పెట్టుకొని ఉపవాసం ఉండొచ్చా?" అని అడగలేదు. ఈ ఏడే కాదు, నేను సేవలోకి వచ్చినప్పటి నుంచీ ఎవరూ అడగలేదు. గుడ్డు గురించి అడిగినవాళ్లు వందమంది ఉంటారు.

ఈ వ్యాసం ఆ అడగని ప్రశ్న గురించే. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. ముందు నా తప్పే చెప్పుకుంటాను కాబట్టి మిగతాది చెప్పే హక్కు కొంచెమన్నా ఉంటుందనుకుంటున్నాను.

2024లో మన మందిరం వరండాకు బండలు వేయించాం. పని అయిపోయింది, మేస్త్రికి ఇంకా 6,500 రూపాయలు ఇవ్వాలి. కమిటీ దగ్గర డబ్బు లేకపోలేదు, ఉంది. కానీ అది ఈస్టర్ టెంటుకు, సౌండు బాక్సులకు, విందుకు అని పక్కన పెట్టుకున్నాం. శ్రమదినాల రెండో శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుండగా ఆయన వచ్చాడు. క్రైస్తవుడు కాదు. చెప్పులు గేటు దగ్గర విడిచి, వేపచెట్టు కింద గంటకు పైగా నిలబడ్డాడు. లోపల మేము "ప్రభువా, మా పాపాలు క్షమించు" అని ఏడుస్తున్నాం. ప్రార్థన అయ్యాక నేనే బయటికి వెళ్లి చెప్పాను, "పండుగ అయినంక రా తమ్మీ, ఇప్పుడు ఉపవాసంల ఉన్నం" అని. "సరే అయ్యగారూ, మీరు దేవుని పనిల ఉన్నరు" అన్నాడు. చెప్పులు వేసుకొని పోయాడు.

ఆయన ఎందుకొచ్చాడో నేను అడగలేదు. తర్వాత మా ఇంట్లో అమ్మగారికి ఎవరో చెప్పారు. బిడ్డ ఇంటర్ చదువుతోంది, వారంలో పరీక్షలు, కాలేజీలో ఫీజు బాకీ కడితేగానీ హాల్ టికెట్ ఇయ్యమన్నారు. మన దగ్గర డబ్బు దొరక్క నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ఈస్టర్ దాటాక, ఏప్రిల్ మొదటి వారంలో, మేము 6,500 లెక్కపెట్టి ఇచ్చాం. ఫొటో కూడా తీశారు. నెలా పన్నెండు రోజులకు వడ్డీ వ్యాపారి రెండు నెలల వడ్డీ పట్టుకున్నాడట, 650 రూపాయలు. అది ఎవరి మీద పడాలి? మన మీద. ఎవరి మీద పడింది? ఆయన మీద. మేము నలభై దినాలు పస్తులుండి, ఆ పస్తుల ఖర్చు కూడా ఒక కూలివాడి చేత కట్టించాం.

ఆ సంగతి తెలిసిన రాత్రి యెషయా 58వ అధ్యాయం తీశాను. ఎన్నోసార్లు దాని మీద ప్రసంగం చేశాను. కానీ మనం ఉపవాసం ఉన్నా దేవుడు ఎందుకు చూడడం లేదని జనం అడిగితే, ఉపవాస దినాన కూడా మీ పనివాళ్లను పీడిస్తున్నారు కదా అని ఆయన ఇచ్చిన జవాబు నాకే చెప్పినట్టు ఆ రాత్రిదాకా వినబడలేదు. ద్వితీయోపదేశకాండము 24లో కూలి సంగతి ఇంకా సూటిగా ఉంది. పొద్దు గుంకకముందే ఇవ్వాలి, అతడు పేదవాడు, ప్రాణమంతా దాని మీదే పెట్టుకొని ఉంటాడు. ఇవ్వకపోతే అతడు మన మీద దేవునికి మొరపెడతాడు, అది మనకు పాపమవుతుంది. అంటే వేపచెట్టు కింద నిలబడినవాడు కూడా ప్రార్థనలోనే ఉన్నాడు. లోపలి ప్రార్థన, బయటి ప్రార్థన రెండూ ఒకే సమయంలో పైకి వెళ్లాయి. దేవుడు ఏది విని ఉంటాడో ఆ గ్రంథం చదివినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన శ్రమదినాల తీరు చూడండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఏ ఊరికెళ్లినా ఒకటే కనిపిస్తోంది. నలభై రోజులు గడ్డం గీయరు, చికెన్ ముట్టరు, మందు ముట్టరు, కొందరు తెల్లబట్టలే కడతారు. ఈస్టర్ తెల్లారి సమాధుల తోట ఆరాధన అయ్యీ అవక ముందే వేట కోయించే ఏర్పాట్లు, మధ్యాహ్నానికి సీసాలు. ఒక హిందూ మిత్రుడు నన్నడిగాడు, "మీకు కూడా మాల ఉంటదా పాస్టరు గారూ?" అని. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు చాలాసేపు మాట రాలేదు. మాల వేసుకునే వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, వాళ్ల దీక్ష వాళ్లది. కానీ మారుమనస్సుకు ముగింపు తేదీ ఉంటుందని మనకెవరు నేర్పారు? ఏప్రిల్ 5 దాకా తాగనని ఒట్టుపెట్టుకున్నవాడు ఏప్రిల్ 6 కోసమే ఒట్టుపెట్టుకున్నాడు.

ఇక ప్రసంగాలు. ఫోన్లో నలభై దినాల సిలువ ధ్యానాలు, రోజుకొకటి లైవ్. మేకు ఎన్ని అంగుళాలు, కొరడాకు ఎన్ని ఎముక ముక్కలు, రక్తం ఎన్ని సీసాలు అని వర్ణించి, వెనుక ఏడుపు సంగీతం పెట్టి, విన్నవాళ్ల చేత ఏడ్పిస్తారు. నేనూ చేశాను, దాయను. సువార్తలు తెరిచి చూస్తే నలుగురు సువార్తికులూ సిలువ వేశారన్న సంగతిని ఒకటి రెండు మాటల్లో ముగించారు. మేకుల పొడవు ఎవరూ రాయలేదు. కానీ ముప్పై వెండి నాణేలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయో, చివరికి వాటితో ఏ పొలం కొన్నారో మత్తయి వివరంగా రాశాడు. సిలువ దారిలో ఏడుస్తూ వచ్చిన స్త్రీలతో ప్రభువు ఏమన్నాడు? నా కోసం కాదు, మీ కోసమూ మీ పిల్లల కోసమూ ఏడవండి అన్నాడు. లూకా 23లో ఉంది. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో కళ్లు తుడుచుకొని, ఆ సాయంత్రమే తోటలో మిరపకాయ ఏరిన ఆడవాళ్లను "మళ్లొచ్చే వారం రాండ్రి" అని తిప్పి పంపితే ఆ కన్నీళ్లు ఎవరి కోసం?

ఇక్కడ కొందరు సహోదరులు సంతోషపడతారు. "అందుకే మేం చెప్తూనే ఉన్నాం, లెంట్ బైబిల్లో లేదు, రోమా కాథలిక్కుల ఆచారం, మానేయండి" అని. వారితోనూ నాకు పేచీ ఉంది. నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టినవాణ్ణి. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన ఫ్రీజన్ దొర రష్యా దేశపు మెన్నోనైటు సహోదరుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనులో పనిచేశాడు. ఆ వరుసలో వచ్చిన మా తాతల ఇళ్లలో భస్మ బుధవారం అనే మాటే లేదు. అటు దోర్నకల్ వైపు 1912లో అజరయ్య గారు బిషప్పు అయిన సంఘంలో, 1947 తర్వాత సీఎస్ఐలో, శ్రమదినాలు ప్రార్థన పుస్తకంతో పాటు వచ్చాయి. మన పెళ్లిళ్లు అటూ ఇటూ జరిగాయి, ఆచారాలూ కలిశాయి. నలభై దినాలనే మాట 325లో నీకయ సభ నాటికే సంఘంలో ఉంది, కాబట్టి నిన్నమొన్న పుట్టింది కాదు. అయితే ఆజ్ఞ కూడా కాదు. 1522లో జూరిక్ పట్టణంలో ఒక ముద్రాపకుని ఇంట్లో శ్రమదినాల్లో మాంసం తిన్నారని గొడవైతే, జ్వింగ్లీ తాను తినకపోయినా తిన్నవారి పక్షాన నిలబడి ప్రసంగించాడు. తినడం, మానడం క్రైస్తవుని స్వేచ్ఛ అన్నాడు. ప్రొటెస్టెంటులమైన మనకు ఆ స్వేచ్ఛ ఉంది.

కానీ సహోదరుడా, మీరు లెంట్ పాటించరు, సరే. కూలి పొద్దుగుంకకముందే ఇస్తున్నారా? అది బైబిల్లోనే ఉంది కదా. లెంట్ బైబిల్లో లేదని గంటసేపు వాదించినాయన పెట్రోలు బంకులో పిల్లాడి జీతం రెండు నెలలు ఆపి పెట్టుకోవడం నాకు తెలుసు. పాటించేవాడు గుడ్డు దగ్గర ఆగాడు, పాటించనివాడు వాదం దగ్గర ఆగాడు. మేస్త్రి మాత్రం వేపచెట్టు కిందే ఉన్నాడు.

మరి ఏం చదవాలి, ఏం చేయాలి? నా మాట వింటే ఈ నలభై దినాలు లైవ్‌లు కట్టిపెట్టి లూకా సువార్త తీయండి. 9వ అధ్యాయం 51వ వచనంలో ప్రభువు యెరూషలేముకు ముఖం తిప్పుకుంటాడు. 19వ అధ్యాయం 27 దాకా ఆయన దారిలోనే ఉంటాడు. నాలుగు వందల పైచిలుకు వచనాలు. నలభై దినాలకు పంచితే రోజుకు పదే. ఇది సిలువకు వెళ్లే దారి, మన శ్రమదినాల దారి ఇదే. చదువు వచ్చిన పిల్లల చేత రాత్రి అన్నానికి ముందు గట్టిగా చదివించండి, నాయనమ్మ వింటుంది. పదివచనాలే కదా అని రెండు రోజులవి ఒకేసారి లాగించకండి.

ఆ దారిలో ఏముందో చూడండి. పక్కన పెట్టుకునే ధాన్యానికి కొట్లు చాలడం లేదన్న ధనవంతుడు ఉన్నాడు. గేటు దగ్గర లాజరు ఉన్నాడు. 18వ అధ్యాయంలో వారానికి రెండుసార్లు ఉపవాసం చేసే పరిసయ్యుడు ఉన్నాడు. గమనించండి, సిలువకు వెళ్లే దారిలో ప్రభువు చెప్పిన కథలో ఉపవాసం గురించి గొప్పగా చెప్పుకున్నవాడు నీతిమంతుడుగా ఇంటికి వెళ్లలేదు. ఆ తర్వాత ఆస్తి అమ్మలేక దుఃఖపడిన అధికారి. ఆ తర్వాతే, మట్టల ఆదివారానికి కాస్త ముందు, యెరికోలో జక్కయ్య.

మనం జక్కయ్యను సండే స్కూలుకు అప్పజెప్పి పొట్టివాడు, మేడిచెట్టు అని పాట పాడించి వదిలేశాం. లూకా మాత్రం ఆయన్ను యెరూషలేము పొలిమేరలో నిలబెట్టాడు. ప్రభువు గాడిద ఎక్కకముందు చివరిగా బస చేసిన ఇల్లుగా లూకా చూపేది ఇదే. ఆ ఇంట్లో ఎవరూ ఉపవాసం ఉండలేదు. భోజనమే జరిగి ఉంటుంది. జరిగింది లెక్క. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. నాలుగంతలు ఊరికే నోటికొచ్చిన మాట కాదు, గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండము 22 చెబుతుంది. తన్ను తాను దొంగల లెక్కలో వేసుకున్నాడు. మేము మేస్త్రికి అసలు ఇచ్చి ఫొటో దిగాం.

"అయ్యగారు క్రియల వల్ల రక్షణ చెప్తున్నడు" అనేవారు ఉంటారు. లేదు. వరుస చూడండి. ముందు ప్రభువు పేరు పెట్టి పిలిచాడు, ఇంట్లో అడుగుపెట్టాడు. లెక్కల పుస్తకం ఆ తర్వాత బయటికి వచ్చింది. కృప లోపలికి వచ్చిన ఇంట్లోంచి బాకీలు బయటికి పోతాయి. పోకపోతే లోపలికి వచ్చింది ఏమిటో చూసుకోవాలి.

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో ఒక పుస్తకం గురించి విన్నాను, ఈమధ్యే మళ్లీ గుర్తొచ్చింది. రెండో శతాబ్దంలో ఏథెన్సు వాడైన అరిస్తీదు అనే క్రైస్తవుడు రోమా చక్రవర్తికి క్రైస్తవుల గురించి ఒక విన్నపం రాశాడు. చాలా కాలం అది దొరకలేదు, 1889లో సీనాయి కొండ మఠంలో సిరియా భాషలో బయటపడింది. అందులో ఉపవాసం మాట ఒకచోట వస్తుంది. తమలో ఎవరైనా పేదవాడుంటే, ఇవ్వడానికి తమ దగ్గర మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు తాము పస్తుండి ఆ తిండి అతనికి ఇచ్చేవారట. మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. మన స్త్రీల సమాజం అక్కలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా తీసే పిడికెడు బియ్యం అదే. ఆ సంచి ఇప్పుడు చాలా ఇళ్లలో మేకుకు ఖాళీగా వేలాడుతోంది.

మా వీధి చివర కిరాణా నడిపే ముస్లిం పెద్దాయన రంజాన్ వస్తే కాగితం, పెన్ను తీస్తాడు. ఉన్నదాంట్లో నూటికి రెండున్నర జకాత్ లెక్క కడతాడు. ఫిత్రా అయితే పండుగ నమాజుకు ముందే ఇచ్చేయాలట, నమాజు అయ్యాక ఇస్తే అది మామూలు దానం అయిపోతుందట. ఆయన చెప్తుంటే నాకు మత్తయి 5 గుర్తొచ్చింది. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సరిచేసుకొని రమ్మన్న మాట. మనవాళ్లు దాన్ని మాటల గొడవలకే అన్వయిస్తారు. వదినతో మాట్లాడి వస్తే చాలనుకుంటారు. వదినకు రావలసిన రెండు తులాల సంగతి?

ఇప్పుడు మీలో చాలామంది మనసులో మాట నాకు తెలుసు. "అయ్యగారూ, మేమే కూలోళ్లం. మాకు రావలసినయి ఎక్కువ గానీ మేం ఇచ్చేటియి యాడున్నయి?" నిజం. మన సంఘాల్లో భూమి ఉన్నవాళ్లకంటే మిరపతోటలో, నాట్లలో, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లే ఎక్కువ. యాకోబు 5లో పొలాలు కోసినవారి కూలి కేకలు వేస్తోందన్నది మీ తరఫున రాసిన మాట. దాన్ని మీకు వ్యతిరేకంగా తిప్పను. కానీ కొంచెం ఆలోచించండి. ముఠాను తోలుకుపోయే అక్కా, రైతు శనివారమే ఇచ్చిన డబ్బు మంగళవారం దాకా మీ దగ్గరే ఎందుకుంది? పొదుపు సంఘం లీడరమ్మా, తోటి సభ్యురాలి పేరు మీద తీసిన లోను మీ ఇంట్లో వాడుకొని కిస్తీ ఆమె చేత కట్టించడం లేదా? అన్నా, చెల్లెలి పుస్తెలతాడు కుదవపెట్టి ఎన్ని పండుగలు దాటాయి? నూటికి మూడు రూపాయలకు సంఘస్థులకే అప్పులిచ్చి, ఆ వడ్డీలో దశమభాగం తెచ్చి నా చేతిలో పెడుతున్న పెద్దమనిషీ, ఆ కవరు నేను కూడా కళ్లకద్దుకొని తీసుకున్నాను. ఇకమీదట తీసుకోను. ఇది రాయడానికి రెండు వారాలు వెనకాడాను, ఎందుకంటే ఆ కవరు మా ఇంటి కరెంటు బిల్లు.

ఒక కౌలు రైతు నాతో అన్నాడు, "మిర్చి ఖమ్మం మార్కెట్ల ఇంకా అమ్మలే, రేటు లేదు, కోల్డ్ స్టోరేజీల పెట్టిన. ఏరినోళ్లకు యాడికెల్లి తెచ్చియ్యాలె?" ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. సాగర్ ఎడమ కాలువ చివరన నీళ్లందక, కౌలు కట్టి, మందుల షాపులో ఖాతా పెట్టి బతికేవాడిని జక్కయ్య పక్కన నిలబెట్టడం అన్యాయం. లేనివాడిని ఇమ్మనను. కానీ లేదని చెప్పడానికి ఏరినవాళ్ల వాడకు తనే వెళ్లాలి. వాళ్లు తన గేటు దగ్గరికి నాలుగుసార్లు తిరిగేలా చేయకూడదు. వెళ్లి, కూర్చొని, ఎంత ఇవ్వాలో వాళ్ల ముందే రాసి, ఏ రోజు ఇస్తానో చెప్పి రావాలి. వాళ్లు ఒప్పుకుంటే అదే ఆయన శ్రమదినం. చికెన్ మానకపోయినా పర్వాలేదు.

ఉన్నవాళ్లకు మాత్రం నా దగ్గర సడలింపు లేదు. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ ఫోన్లో ఇది చదువుతున్న మన పిల్లలారా, ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండు రోజులు రాలేదని జీతంలో కోసిన డబ్బు మీకు ఒక పూట బిర్యానీ. ఆ అమ్మాయికి అది ఏమిటో ఒకసారి అడగండి. ఆ రెండు రోజులు ఎందుకు రాలేదో కూడా అడగండి, నేను మేస్త్రిని అడగనట్టు ఉండకండి.

వచ్చే శుక్రవారం ఉపవాస కూడిక ఉదయం పదకొండు గంటలకు. ఈసారి ఒక మార్పు. కూడిక మొదలయ్యేలోగా సంఘం బాకీల కాగితం తలుపు పక్కన అంటిస్తాను. కమిటీ పెద్దలు ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు, అయినా అంటిస్తాను. ప్రస్తుతానికి అందులో ఉన్నవి: క్రిస్మస్ నాటి టెంటు సామాన్లకు 1,800. మైకు బాగుచేసిన పిల్లవాడికి 400. మందిరం ఊడ్చే అవ్వకు జనవరి నెలది 500. బండల మేస్త్రికి వడ్డీ 650, రెండేళ్ల కిందటిది. ఆయన ఇప్పుడు ఊళ్లో లేడు, పనికి హైదరాబాదు వెళ్లాడంటున్నారు. నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి. నాలుగంతలు లెక్కేస్తే 2,600 అవుతుంది, అది నా జేబులోంచి.

మీ ఇంటి కాగితం నాకు చూపించనక్కరలేదు. రాసుకొని బైబిల్లో లూకా 19 దగ్గర పెట్టుకోండి.